ఇసుక మేటకు ఒక లెక్క, ఒడ్డు కోతకు ఒక లెక్క: సిరొంచ రైతులు వరద సాయం పూర్తిగా రాబట్టుకోవడం ఎలా

వరద తీశాక మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి ఒడ్ల మీది పొలాల్లో మూడు రకాల నష్టం మిగులుతుంది. పంట కుళ్లిపోతుంది. మడి మీద ఇసుకో ఒండ్రో మేట వేస్తుంది. ఒడ్డు కోసుకుపోయి భూమే ఏట్లో కలుస్తుంది. సర్కారు లెక్కలో ఈ మూడూ మూడు పద్దులు, మూడు రేట్లు. రైతు నోట మొదట వచ్చే మాట మాత్రం "పత్తంతా పోయింది సార్" అనే. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) అదే రాసుకుంటాడు, రైతు సంతకం పెడతాడు. అక్కడితో మిగతా రెండు పద్దులూ మూసుకుపోయినట్టే. పంట కంటే భూమికి వచ్చే సొమ్మే ఎక్కువ కాబట్టి ఇక్కడ భూమి గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఏ నష్టానికి ఎంత

డబ్బు వచ్చేది రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి. కేంద్రం 2022-23 నుంచి 2025-26 వరకు ఖరారు చేసిన రేట్లు ఇవి.

- వానాధారం పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000, తోటలకు 22,500 రూపాయలు. నష్టం 33 శాతం, ఆపైన ఉండాలి.
- పొలంలో 3 అంగుళాలకు మించి ఇసుక గానీ ఒండ్రు గానీ మేట వేస్తే, దాన్ని తీయడానికి హెక్టారుకు 18,000. ఎంత తక్కువ భూమైనా రైతుకు 2,200కు తగ్గదు.
- నది దారి మార్చుకునో, నేల జారో భూమి పెద్ద భాగం పోతే హెక్టారుకు 47,000. కనీసం 5,000.

పంట సాయం పెద్ద రైతుకూ వస్తుంది, హెక్టార్ల పరిమితి ఉంటుంది. భూమి కింద ఇచ్చే రెండు పద్దులు మాత్రం 2 హెక్టార్ల లోపు కమతం ఉన్నవాళ్లకే. ఆ 2 హెక్టార్లను ఒక్క 7/12 (ఒక్కో సర్వే నంబరు భూమి రికార్డు) చూసి తేల్చరు. ఖాతాలో ఉన్న భూమంతా చూపించే 8-అ ఉతారా (నకలు) చూస్తారు. అన్నదమ్ములు ఎప్పుడో నోటిమాటగా పంచుకుని కాగితంలో మాత్రం తండ్రి పేరునే 4 హెక్టార్లు ఉంచేస్తే, అందరూ కలిసి 'పెద్ద రైతు' అయిపోతారు. వాటాల ఫేర్‌ఫార్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోవాల్సింది ఎండాకాలంలో. వరద వచ్చాక ఆ పని కాదు.

రాష్ట్ర సర్కారు ఒక్కో ఏడు తన జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు)తో రేట్లనూ పరిమితినీ పెంచుతుంది, మళ్లీ తగ్గిస్తుంది. 2024 జనవరిలో వానాధారానికి 13,600 చేసి 3 హెక్టార్ల దాకా ఇచ్చింది. 2025లో తిరిగి 8,500కు దించింది. అదే ఏడు అక్టోబరు ప్యాకేజీలో పరిమితిని 3 హెక్టార్లకు పెంచి, కోసుకుపోయిన భూమికి 47,000 నగదుతో పాటు ఉపాధి హామీ పనుల కింద హెక్టారుకు 3 లక్షలు, పూడిపోయిన బావికి 30,000 ప్రకటించింది. అందుకే తహసీల్‌లో మొదట అడగాల్సింది "ఈ సీజన్ జీఆర్ ఏది, అందులో మన తాలూకా పేరుందా" అని. పక్కింటాయనకు పోయినేడు ఎంత వచ్చిందన్నది ఈ ఏటి లెక్కకు పనికిరాదు.

ఇక ఒక లెక్క చూద్దాం. 3 ఎకరాల వానాధారం పత్తి, అంటే 1.21 హెక్టార్లు. ఏటి వైపు ఎకరం (0.40) కోసుకుపోయింది. ఎకరన్నర (0.61) మీద 5 అంగుళాల ఇసుక. పంటంతా పోయింది. కేంద్రం రేట్ల ప్రకారం పంటకు 10,285, మేటకు 10,980, కోతకు 18,800. కలిపితే 40,065. పంచనామాలో (అధికారులు పొలం చూసి నష్టం రాసే కాగితం) పంట ఒక్కటే రాస్తే 10,285 దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. తలాఠీ రాసేది హెక్టారు-ఆర్‌లలో, మనం చెప్పేది ఎకరం-గుంటల్లో. ఎకరం 0.40, గుంట దాదాపు ఒక ఆర్. "ఎకరం పోయింది" అన్నది 1.00 అని పడితే అది రెండున్నర ఎకరాలు అవుతుంది. అంత భూమి మీ 7/12లో లేకపోతే పేరు పక్కన పెట్టేస్తారు.

పంచనామా అయ్యేదాకా పొలంలో డోజర్ దించొద్దు

నీళ్లు తీయగానే ట్రాక్టర్ దింపి దున్నేయాలనిపిస్తుంది, ముఖ్యంగా మళ్లీ విత్తే అదను ఉన్నప్పుడు. దున్నితే మేట మందం చెరిగిపోతుంది. తర్వాత ఎంత చెప్పినా 3 అంగుళాలకు సాక్ష్యం ఉండదు. మరీ ఆగలేకపోతే ముందు కొలిచి, ఫొటోలు తీసి, తలాఠీకి రాతపూర్వకంగా ఇచ్చి, పొలంలో కనీసం ఒక మూల పది గుంటలు ముట్టుకోకుండా వదలండి.

అట్లాగని వారాల తరబడి చూస్తూ కూర్చోవడమూ ముప్పే. ఇసుక అయితే ఉన్నంత మందమే ఉంటుంది. ఒండ్రు అట్లా కాదు, ఎండినకొద్దీ పగిలి కుదించుకుపోతుంది. తడి మీద 4 అంగుళాలున్నది మూడు వారాల ఎండకు 3కు దిగొచ్చు. నియమం "3కు మించి" అంటోంది. కాబట్టి కాలు దిగబడనంత గట్టిపడిన మొదటి రోజే కొలవండి.

కొలత ఇట్లా:

1. ఎకరానికి ఐదు గుంతలు. నాలుగు మూలల్లో ఒక్కోటి, నడుమ ఒకటి. మూల గుంతలు గెట్టుకు పదడుగుల లోపల ఉండాలి. గెట్టును ఆనుకుని ఇసుక కుప్పపడుతుంది, లేదా సుడికి లేచిపోతుంది. అక్కడి కొలత పొలం మొత్తానికి వర్తించదు.

2. పారతో ఒక పక్క గోడ నిలువుగా చెక్కండి. పైన లేత పసుపు ఇసుక పొర, దాని కింద నల్ల రేగడి, రెండింటి మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీత దగ్గర నలిగి పడుకున్న పత్తి కట్టె, గడ్డి, పాత వేళ్లు దొరుకుతాయి. అదే వరదకు ముందటి నేల. ఈ ఏడు పడ్డ మేట ఇంతేనని చెప్పే ఆధారం అదొక్కటే. ఫొటోలో అది స్పష్టంగా రావాలి.

3. టేపు సున్నాను ఆ గీత దగ్గర పెట్టి పైకి చదవండి. 3 అంగుళాలంటే ఏడున్నర సెంటీమీటర్లు. తేదీ, అక్షాంశ రేఖాంశాలు ఫొటో మీదే పడే కెమెరా యాప్ వాడండి. ఒక ఫొటో దగ్గర నుంచి టేపుతో, ఇంకోటి దూరం నుంచి గెట్టు రాయో చెట్టో కనబడేలా.

4. తెల్లకాగితం మీద పొలం పటం గీసి, ఐదు కొలతలూ రాసి, 3కు మించిన భాగం ఎన్ని గుంటలో గుర్తు పెట్టండి. మేట పొలమంతా ఒకే మందాన పడదు. 3 ఎకరాల్లో ఎకరన్నరే వస్తే ఎకరన్నరే అడగండి. అంతా కలిపి అడిగితే, అధికారి తక్కువ మందం ఉన్న చోట తవ్వించి మొత్తం కొట్టేసే అవకాశం ఉంది.

కోతకు సాక్ష్యం చూపడం కష్టం, ఎందుకంటే పోయిన భూమిని ఫొటో తీయలేం. మిగిలిన గెట్టు రాయి నుంచి కొత్త ఒడ్డు దాకా టేపు పట్టి, 7/12లోని విస్తీర్ణంతో పోల్చి ఎంత తగ్గిందో రాసివ్వండి. హద్దు రాళ్లూ కొట్టుకుపోయి ఉంటే సిరొంచలోని భూమి అభిలేఖ్ (భూ రికార్డుల) కార్యాలయంలో మోజణీకి, అంటే సర్కారు కొలతకు, దరఖాస్తు పెట్టాలి. మోజణీ తేదీ వచ్చేదాకా పంచనామా ఆపొద్దు. దరఖాస్తు రసీదు జత చేసి, 'మోజణీ పెండింగ్' అని రాయించుకోండి. ఏటి లోపలి లంకల్లో పేరు మీద లేని భూమిలో వేసిన పుచ్చ, మిర్చి లాంటి వాటికి భూమి పద్దు కింద ఏమీ రాదు. ఆ నియమం రెవెన్యూ రికార్డుల్లో యాజమాన్యం ఉండాలంటుంది.

మేడిగడ్డ బ్యారేజీ నిలవనీటితో మునిగిన భూముల పరిహారం కథ వేరు. అది భూసేకరణ వ్యవహారం, ఈ సాయంతో కలిపి ఒకే అర్జీలో రాస్తే రెండూ ఆగుతాయి.

పంచనామా రోజు: సంతకానికి ముందు వెతకాల్సిన మరాఠీ మాటలు

పొలానికి ముగ్గురు రావాలి: తలాఠీ (ఇప్పుడు గ్రామ మహసూల్ అధికారి అంటున్నారు), కృషి సహాయక్ (వ్యవసాయ శాఖ ఉద్యోగి), గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి). ముగ్గురూ కలిసి చేసేదే సంయుక్త పంచనామా. అంగన్‌వాడీ దగ్గరో పంచాయతీ గుమ్మంలోనో కూర్చుని పేర్లు రాసుకుంటుంటే, "సార్, మా పొలంలో ఇసుక పడ్డది, ఒక్కసారి వచ్చి చూడండి" అని అక్కడే అనండి, నలుగురి ముందు. అప్పటికే కాగితం చేతికిచ్చి రసీదు ముద్ర వేయించుకుని ఉంటే ఆ మాటకు బలం ఉంటుంది.

కాగితం మరాఠీలో ఉంటుంది. పిల్లల్లో ఎవరైనా మరాఠీ బడికి పోయేవాళ్లుంటే పక్కన నిలబెట్టుకోండి. కావలసిన మాటలు ఆరే. 'పీక్ నుక్సాన్' అంటే పంట నష్టం. 'గాళ్' అంటే ఒండ్రు, 'వాళూ' అంటే ఇసుక, 'సాచలా' అంటే మేట వేసింది. 'జమీన్ ఖరడూన్ గేలీ' అంటే పైమట్టి కోసుకుపోయింది, 'వాహూన్ గేలీ' అంటే కొట్టుకుపోయింది. మీ పొలంలో ఇసుక ఉండి కాగితంలో 'గాళ్' గానీ 'వాళూ' గానీ కనబడకపోతే సంతకం ఆపండి. ఉంటే దాని పక్కన మందం అంగుళాల్లో, విస్తీర్ణం ఆర్‌లలో పడ్డాయో లేదో చూడండి. మందం గడి ఖాళీగా ఉంటే ఆ పద్దు లేనట్టే. సంతకం పెట్టగానే ఆ పేజీ ఫొటో తీసుకోండి.

పంట శాతం దగ్గర ఇంకో చిక్కు. నీళ్లు తీసిన రెండో రోజు పత్తి పచ్చగానే నిలబడి ఉంటుంది. నాలుగైదు రోజులు పోయాక వేరుకు గాలందక ఆకు వాలి చెట్టు చెట్టంతా వడలిపోతుంది. మిర్చికీ అంతే, వేరు కుళ్లు తర్వాతే బయటపడుతుంది. మొదటి రోజు పంచనామాలో 20 శాతం అని పడితే 33 దాటదు, సాయం సున్నా. అట్లా అయితే వారంలోపు కొత్త ఫొటోలతో మళ్లీ చూడమని అర్జీ ఇవ్వాలి. పీకిన చెట్ల వేళ్లు పట్టుకుపోయి కృషి సహాయక్‌కు చూపిస్తే పని తొందరగా అవుతుంది.

నీటి వసతి ఉంటే 17,000 రేటు పడాలి. 7/12లో బావి, బోరు నమోదై ఉండాలి, ఈ-పీక్ పాహణీలోనూ (ఫోన్ యాప్‌లో పంట నమోదు) నీటి ఆధారం గడి నింపి ఉండాలి. బోరు ఉండీ కాగితంలో లేకపోతే వానాధారం రేటే ఇస్తారు.

పంట బీమా ఈ దారిలోది కాదు. పంచనామా అయింది కదా అని బీమా కంపెనీకి తెలిసిపోదు. బీమా కట్టి ఉంటే, ఆ సీజన్‌లో ముంపు నష్టం కవరవుతుంటే 72 గంటల్లోపు విడిగా చెప్పాలి.

కాగితాలు

7/12, 8-అ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫార్మర్ ఐడీ (రైతు గుర్తింపు నంబరు). వన్‌హక్క (అటవీ హక్కు) పట్టా ఉన్నవాళ్లు దాని నకలు పంచనామాకు జత చేయించాలి. సామాయిక్ (ఉమ్మడి) ఖాతా అయితే డబ్బు ఎవరి పేరున పడాలో మిగతావాళ్లు సమ్మతి పత్రం రాసివ్వాలి. వాటాదారుల్లో ఒకరు గోదావరి అవతల మహదేవ్‌పూర్‌లోనో ప్రాణహిత అవతల మంచిర్యాలలోనో ఉండి సంతకానికి రాకపోతే ఊళ్లో ఉన్నవాళ్ల డబ్బూ ఆగిపోతుంది. వాన మొదలుకాకముందే పత్రం తయారుగా పెట్టుకోండి. చనిపోయినవాళ్ల పేరు మీదే 7/12 ఉంటే ముందు వారస్ నోంద్ (వారసుల పేర్ల నమోదు) చేయించాలి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది పేర్లది. మన దగ్గర ఇంటిపేరు ముందు. మరాఠీ రికార్డులో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఆధార్ ఎప్పుడో బంధువుల ఊళ్లో తీయించుకుంటే తెలంగాణ పద్ధతిలో ఉంటుంది. దానికి తోడు సమ్మయ్య 'సమయ్యా' అవుతాడు, మల్లక్క 'మలక్కా' అవుతుంది. కంప్యూటర్ ఇద్దరినీ వేరు మనుషులుగా చూస్తుంది. 7/12లో పేరు దిద్దించడం పెద్ద పని, ఫేర్‌ఫార్ దాకా పోతుంది. ఆధార్‌ను 7/12కు తగ్గట్టు మార్చుకోవడమే తేలిక. మార్చాక బ్యాంకులోనూ మార్పించాలి.

జాబితా పడ్డాక

తహసీల్ నుంచి పేర్లు పోర్టల్‌లోకి ఎక్కాక ఒక్కో రైతుకు విశిష్ట క్రమాంకం (ఆ రైతుకే చెందే నంబరు) వస్తుంది. అందరూ వీకే నంబర్ అంటారు. జాబితా పంచాయతీ దగ్గర అంటిస్తారు. ఆ నంబరు, ఆధార్ తీసుకుని ఆప్లే సర్కార్ సేవా కేంద్రానికి (మీసేవ లాంటిది) పోయి వేలిముద్రతో ఈ-కేవైసీ చేయాలి. 2025లో ఫార్మర్ ఐడీ ఉన్నవాళ్లకు ఈ మెట్టు తీసేశారు, అందుకైనా ఆ ఐడీ చేయించుకోవాలి.

వేలు పెట్టే ముందు స్క్రీన్ మీ వైపు తిప్పమనండి. విస్తీర్ణం, నష్టం రకం, మొత్తం అక్కడ కనిపిస్తాయి. తప్పుంటే ఒప్పుకోకుండా అక్కడే ఫిర్యాదు నమోదు చేయించాలి, అది తహసీల్దారు లాగిన్‌కు పోతుంది. 'ముందు వేలు పెట్టండి, తర్వాత చూద్దాం' అనే మాట వినొద్దు. సరేనన్నాక దిద్దించడం చాలా కష్టం.

డబ్బు పాస్‌బుక్ ఇచ్చిన ఖాతాలో పడాలనేం లేదు. ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాలో పడుతుంది. అవతలి ఒడ్డున ఏదో పథకానికి తెరిచి మరిచిపోయిన ఖాతా చాలామందికి ఉంటుంది. 'రాలేదు' అనుకున్న డబ్బు అందులో పడి ఉండొచ్చు. ఏ బ్యాంకు లింకైందో ఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో చూసుకోవచ్చు. పంట అప్పు బాకీ ఉందని బ్యాంకు ఈ సొమ్మును పట్టుకోకూడదని సాయం జీఆర్‌లలోనే రాసి ఉంటుంది. జీఆర్ కాపీ తీసుకుని మేనేజర్‌ను కలవండి.

కౌలుదారుకు ఈ మొత్తంలో ఎక్కడా పేరు లేదు. సొమ్ము 7/12 ఉన్నవాళ్ల ఖాతాలోకే పోతుంది. కౌలు మాట్లాడుకునేటప్పుడే 'వరద సాయం వస్తే పంట పద్దు కౌలుదారుది, భూమి పద్దు పట్టాదారుది' అని కాగితం మీద రాసుకుంటే తర్వాత గొడవ తగ్గుతుంది.

పేరే రాకపోతే, మొదట పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద మీ గట్ (సర్వే) నంబరు పంచనామా నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. మేట రాయలేదా, రాసినా పోర్టల్‌లోకి ఎక్కించలేదా అన్నది అందులో తేలుతుంది. రాయకపోతే మీ ఫొటోలే ఆధారం, రాసి ఎక్కించకపోతే తప్పు వాళ్లది. తహసీల్దారు తర్వాత అహేరిలో ఉపవిభాగ అధికారి, ఆ తర్వాత గడ్చిరోలిలో కలెక్టర్. గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల దూరం, ఊరికే తిరగొద్దు. నెలలో మూడో సోమవారం తాలూకా లోక్‌శాహీ దిన్‌లో (ఫిర్యాదులు వినే రోజు) ముందు ప్రయత్నించండి.

ఆ 18,000తో నిజంగా ఏం చేయొచ్చు

ఎకరం మీద 6 అంగుళాల ఇసుక అంటే సుమారు 600 ఘనపు మీటర్లు. ట్రాలీకి 3 చొప్పున వేసుకున్నా 200 ట్రిప్పులు. సర్కారు ఇచ్చేది ఎకరానికి 7,285, ట్రిప్పుకు 36 రూపాయలు పడుతుంది. డీజిల్‌కే చాలదు. అందుకే మొత్తం ఎత్తిపోసే ఆలోచన మానుకుని మందాన్ని బట్టి పని చేయండి.

3 అంగుళాల దాకా ఉంటే మామూలు దుక్కితోనే కలిసిపోతుంది. 3 నుంచి 8 అంగుళాల దాకా ఇసుక ఉంటే ముందు బ్లేడుతో పలచగా పరిచి, ఎండాకాలంలో లోతు దుక్కి దున్ని కింది రేగడిని పైకి తేవాలి. కలిసిన నల్లమట్టి ఇసుక కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే పొలం నీరు పట్టదు. 8 దాటితే పై భాగాన్ని ఏటి వైపు గెట్టుకు తోయించండి. ఒండ్రు అయితే అసలు తీయకండి, అది భూమికి బలం. పైన గట్టిపడిన పెచ్చును పగలగొట్టి దున్నితే చాలు.

తర్వాతి తొలకరికి ఎకరానికి 10 నుంచి 12 కిలోల జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. ఇసుక కలిసిన నేల యూరియాను నిలుపుకోదు. అదే మోతాదును ఎక్కువ దఫాలుగా వేయాలి.

గెట్టు దాకా తోసుకుంటే ఎవరూ అడగరు. ఆ ఇసుకను ట్రాక్టర్‌లో పొలం దాటించాలంటే మాత్రం రెవెన్యూ అధికారుల అనుమతి కావాలి. మీ పొలంలో పడ్డా అది గౌణ ఖనిజమే (సర్కారు అజమాయిషీలోని చిన్న తరహా ఖనిజం). అనుమతి లేకుండా పట్టుబడితే మహారాష్ట్ర జమీన్ మహసూల్ (భూ రెవెన్యూ) చట్టం 48వ సెక్షన్ కింద బజారు ధరకు ఐదు రెట్ల దాకా దండుగ వేయొచ్చు, ట్రాక్టర్నీ పట్టుకోవచ్చు. ఇసుక కొనేవాడు "పర్మిట్ నాది" అంటే, అందులో మీ గట్ నంబరు, ఇన్ని బ్రాసులు (బ్రాసు అంటే వంద ఘనపుటడుగులు) అని రాసుందో చూశాకే ట్రాలీ నింపనివ్వండి.

మళ్లీ విత్తిన భాగాన్ని ఈ-పీక్ పాహణీలో కొత్త పంటగా ఎక్కించండి. మేట తీయలేక వదిలేసిన గుంటలను పడిత్‌గా (బీడుగా) చూపండి. అక్కడ పత్తి ఉందని రాసుకుంటే, మీ పొలంలో మేటే లేదని మీ చేత్తో రాసిచ్చినట్టవుతుంది.